గుండు నిడివి – గొట్టపు మెలిక

పల్లెవీథులలో బిళ్ళంగోడు ఆడినవారందరును ఒక సంగతి చూచియే యుందురు. కర్రదెబ్బకు ఎగిరిన బిళ్ళ గాలిలో తిన్నగా పోదు. ముందు వెనుకలు లేక పల్టీలు కొట్టుచు పోవును. అది ఎచట పడునో కొట్టినవాడే చెప్పలేడు. అదే బాలుడు మరునాడు బొంగరమునకు త్రాడు చుట్టి విసరును. ఆ బొంగరము సన్నని మేకుమొనపై నిటారుగా నిలుచును. తిరుగుడు తగ్గినంతనే తూలును, ఆగినంతనే ఒరిగి పడును. ఈ రెండు ఆటలను ప్రక్కప్రక్కన ఉంచి ఆలోచించినచో రైఫిల్ శాస్త్రములో సగము తెలిసినట్లే. పల్టీలు కొట్టవలసిన గుండును నిలుకడగల బొంగరముగా మార్చి పంపుటకే రైఫిల్ గొట్టములో మెలిక ఏర్పడినది. మిగిలిన సగమును గూర్చి నేడు శ్రోతలకు మనవి చేయదలచినాను.

ఒక గురికాడు ఉన్నాడనుకొందము. అతనికి మంచి రైఫిల్ కలదు. తేలిక గుండ్లతో అది నూరు గజముల దూరమున రూపాయి బిళ్ళంత చోటిలో అయిదు రంధ్రములు చేయును. దూరపు గురికి బరువైన గుండ్లు మేలని పెద్దలు చెప్పగా విని, అతడు అదే వ్యాసముగల బరువు గుండ్లను తెచ్చినాడు. మూడువందల గజముల నుండి పది తూటాలు కాల్చెను. గురిపలకపై ఒక్క గుర్తు లేదు. కన్ను చెడెనా, గురిచూపు సాధనము కదలెనా, మందు చెమ్మగిల్లెనా అని సందేహపడెను. పలకను యాబది గజములకు తెచ్చి కాల్చి చూచెను. కాగితముపై గుండ్రని రంధ్రములకు మారుగా గుండు అడ్డముగా పడిన చీలికలు కనిపించినవి. రైఫిల్ మంచిదే, గుండును మంచిదే. కాని ఒకదానికొకటి పొసగలేదు. ఈ పొసగుడు ఎట్టిదో తెలియుటకు గుండు బరువు చాలదు, నిడివి తెలియవలెను. నా ప్రసంగములోని ముఖ్యవిషయ మిదియే.

ముందుగా రెండు మూడు మాటల అర్థము నిర్ణయించుకొందము. ఇత్తడి తొడుగు, మందు, నిప్పు రవ్వ పుట్టించు బిళ్ళ, ముందున్న సీసపు మొన, ఇవి అన్నియు కలిసినది తూటా. గొట్టము నుండి వెడలి ఎగిరిపోవునది గుండు. గుండు బరువును గ్రెయిన్లలో చెప్పుదురు. మన పెద్దలు బంగారము తూచిన పాత తులము సరిగా 180 గ్రెయిన్లు. కావున 174 గ్రెయిన్ల గుండనగా తులమునకు కొంచెము తక్కువ అని ఇంటి ఇల్లాలుకూడ గ్రహింపవచ్చును. ఇక మెలిక అనగా గొట్టము లోపలి గోడలపై చెక్కిన గాడులు చుట్టు తిరుగు తీరు. గాడి పూర్తిగా ఒక చుట్టు తిరుగుటకు ఎన్ని అంగుళములు పట్టునో ఆ సంఖ్యతో మెలికను చెప్పుదురు. పది అంగుళముల మెలిక యనగా పది అంగుళముల ప్రయాణములో గుండు ఒక్కమారు తిరుగును. సంఖ్య చిన్నదైనకొలది మెలిక బిగువు, పెద్దదైనకొలది సడలు. త్రాడు పేనువారికి ఈ భేదము చెప్పనక్కరలేదు.

ఈ తిరుగుడు ఎంత వేగమైనదో ఊహించుట కష్టము. మన పోలీసువారి భుజములపై ఎన్నో యేండ్లు కనిపించిన 303 రైఫిల్‌ను తీసికొందము. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమునను అది తయారైనది. దాని మెలిక పది అంగుళములు, ఎడమ వైపునకు. గుండు 174 గ్రెయిన్లు. గొట్టము విడుచునపుడు దాని వేగము సెకనుకు 2,440 అడుగులు. దీనిని అంగుళములుగా మార్చి పదిచే భాగించినచో సెకనుకు 2,900 చుట్లకు పైగా తేలును. మనము రెప్పపాటు చేయులోపల ఆ గుండు కొన్ని వందలమార్లు తిరిగియుండును.

గొట్టములో మెలికగాడులు త్రవ్వు పని యూరపులో పదునారవ శతాబ్దినాటికే కలదు. దానివలన గురి కుదురునని పనివారికి అనుభవమున తెలియును. కాని ఎందువలన కుదురునో చెప్పినవారు చాల తరువాత వచ్చిరి. వారిలో అగ్రగణ్యుడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితవేత్త. ఆయన 1742లో తుపాకి విద్య నూతన సూత్రములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. గుండు వేగమును కొలుచుటకు వ్రేలాడు దిమ్మెను సాధనముగా ఏర్పరచినవాడు ఆయనయే. మహాగణితజ్ఞుడు ఆయిలర్ ఆ గ్రంథమును వ్యాఖ్యానముతో జర్మను భాషలోనికి మార్చెను.

రాబిన్స్ చేసిన ఒక పరీక్ష వినదగినది. మెలికలేని తుపాకి గొట్టపు కొసను ఆయన ఎడమకు వంచి కాల్చెను. వంగిన గొట్టము నుండి వచ్చిన గుండు ఎడమకే పోవునని ఎవరైనను చెప్పుదురు. దగ్గరి తెరలపై అది ఎడమకే పోయినది. కాని దూరము పోయినకొలది కుడికి తిరిగి, కడకు గురిరేఖను దాటి కుడిప్రక్కన పడెను. వంపులో గొట్టపు కుడిగోడను రాచుకొని గుండు దొర్లినది, ఆ దొర్లుటచే గాలి దానిని కుడికి లాగినది. గుండ్లు చెదరుటకు ముఖ్యకారణము ఇట్టి అడ్డదిడ్డపు తిరుగుడే అని ఆయన తేల్చెను. గుండు ఎట్లును తిరుగకమానదు. కావున ఆ తిరుగుడు ఏ దిక్కున ఉండవలెనో మనమే నిర్ణయింపవలెను. మెలికగాడులు గుండును దాని ప్రయాణరేఖ చుట్టునే త్రిప్పును. 1747లో రాయల్ సొసైటీలో చదివిన వ్యాసమున ఆయన ఈ సంగతిని వివరించి, గ్రుడ్డువంటి గుండును బరువైన కొన ముందుండునట్లు వాడుట మేలని సూచించెను. బరువు ముందుకు ఉండవలెనన్న ఆ మాటను గుర్తుంచుకొనగోరుదును.

ఈ రాబిన్స్‌కు మన దక్షిణదేశముతో సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీవారు ఆయనను కోటల నిర్మాణమునకు ప్రధాన ఇంజనీరుగా నియమించి పంపగా, 1750లో ఈ తీరమునకు వచ్చెను. చెన్నపట్టణపు కోటను, కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటను దిట్టపరచు పనిలో ఉండగా జ్వరపడి 1751 జూలైలో సెయింట్ డేవిడ్ కోటలోనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు నలువది నాలుగేండ్లు. గుండు తిరుగుడు రహస్యమును మొదట విప్పిచెప్పినవాని కడపటి దినములు మన కోరమండల తీరమున గడచినవని చాలమందికి తెలియదు.

రాబిన్స్ కాలపు గుండ్లు చాలవరకు గోళములు. గోళమునకు ముందు వెనుకలు లేవు, కావున దానికి కొంచెపు తిరుగుడు చాలును. గుండు కోలగా సాగినపుడు క్రొత్త చిక్కు వచ్చినది. బాణమును చూడుడు. దాని బరువంతయు ములికి వైపు, గాలిని పట్టు ఈకలు వెనుక. గాలి తోసినను ఆ తోపు వెనుకభాగముపై పడి బాణమును తిరిగి తిన్నగా చేయును. కోలగుండు ఇందుకు విరుద్ధము. దాని మొన సన్నము, మడమ లావు, కావున బరువు వెనుకకు ఉండును. గాలి ఒత్తిడి ముందు భాగమున పనిచేయును. రవంత పక్కకు ఒరిగినంతనే గాలి మొనను పట్టుకొని పైకెత్తి తిరుగవేయజూచును. బరువుకేంద్రమునకును గాలి ఒత్తిడి పనిచేయు చోటునకును గల దూరమే గాలి చేతిలోని మీటకర్ర. గుండు పొడవైనకొలది ఆ మీట పొడవగును. ఆ మీటను ఎదిరించునది తిరుగుడొక్కటే. పొడవైన గుండునకు బిగువైన మెలిక కావలెననుటకు మూలకారణ మిది.

ఇందులో బరువుకంటె నిడివియే ప్రధానమని చెప్పుటకు చరిత్రలో ఒక చక్కని నిదర్శనము కలదు. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి పేరు మన దేశచరిత్ర చదివిన పిల్లలెల్ల ఎరుగుదురు. 1857లో సిపాయిల ఆగ్రహమునకు హేతువైన కొవ్వుపూసిన తూటాలు దానివే. దాని గొట్టపు వ్యాసము 0.577 అంగుళము. గుండు 530 గ్రెయిన్లు, అనగా దాదాపు మూడు తులములు. దాని మెలిక 78 అంగుళములు. గొట్టపు పొడవు 39 అంగుళములు కనుక గొట్టము దాటుసరికి గుండు సరిగా అరచుట్టు మాత్రమే తిరిగెడిది. అదే కాలమున మాంచెస్టరు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్తు పెక్కు మెలికలను పరీక్షించి తన రైఫిల్‌ను రూపొందించెను. దాని గొట్టము లోపల ఆరు పలకలు, వ్యాసము 0.451 అంగుళము, గుండు బరువు మరల 530 గ్రెయిన్లే. కాని మెలిక 20 అంగుళములు.

బరువు ఒక్కటే, మెలిక నాలుగింతలు బిగువు. కారణము స్పష్టము. లావైన ఎన్‌ఫీల్డు గుండు తన వ్యాసమునకు రెండింతల పొడవైనను లేదు. పైగా దాని మడమ బోలుగా ఉండుటచే బరువు ముందుకు జరిగి రాబిన్స్ చెప్పిన మేలు కొంత సమకూరినది. విట్‌వర్తు అదే సీసమును సన్నని గొట్టములో ఇమిడ్చినాడు. అందుచే గుండు వ్యాసమునకు దాదాపు మూడింతలు సాగినది. దానిని 78 అంగుళముల మెలికలో వేసినచో బిళ్ళంగోడు బిళ్ళయే. ఇరువది అంగుళముల మెలికలో వేయగా దూరపు గురిలో అది ఎన్‌ఫీల్డును మించినది. 1860 జూలైలో వింబుల్డన్‌లో జరిగిన తొలి జాతీయ గురిపోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినపుడు, ఆధారముపై బిగించిన విట్‌వర్తు రైఫిల్‌కు కట్టిన దారమును ఆమె లాగెను. నాలుగువందల గజముల దూరమున గుండు పలక నడిబిందువునకు ఒకటింబాతిక అంగుళముల లోపల తగిలినది. అయినను ఖర్చు హెచ్చనియు, మసి పట్టి గొట్టము త్వరగా బిగిసికొనుననియు సైన్యము దానిని విరివిగా స్వీకరింపలేదు.

అనుభవముతో తెలిసికొన్నదానిని లెక్కగా కూర్చినవాడు ఆల్‌ఫ్రెడ్ జార్జి గ్రీన్‌హిల్. వూలిచ్‌లో ఫిరంగి దళాధికారులకు గణితము బోధించుచుండిన ఈ పండితుడు 1879లో కోలగుండు నిలుకడకు వలయు తిరుగుడును లెక్కించెను. దానినుండి వచ్చిన సులభసూత్రము నేటికిని గురికాండ్ర నోట ఉన్నది. గుండు వ్యాసమును దానితోనే గుణించి, వచ్చిన దానిని 150చే గుణించి, గుండు నిడివిచే భాగింపవలెను. కొలతలన్నియు అంగుళములలో ఉండవలెను. వచ్చు ఫలమే వలయు మెలిక. గుండు వేగము సెకనుకు 2,800 అడుగులు మించినచో 150కి మారుగా 180ని వాడుదురు. ఈ సూత్రములో బరువు ప్రసక్తియే లేదని శ్రోతలు గమనింతురుగాక. సీసపు గుండ్లన్నిటి సాంద్రత ఇంచుమించు ఒకటే కనుక, వ్యాసము, నిడివి తెలిసిన చాలును.

ఒక లెక్క చేసి చూతము. ఆరు మిల్లీమీటర్ల తరగతి గుండు వ్యాసము 0.243 అంగుళము. దానిని దానితో గుణించి 180చే హెచ్చవేయగా 10.63 వచ్చును. దీనిని 12చే భాగించినచో 0.89 అంగుళము. అనగా 12 అంగుళముల మెలిక ఓర్వగల గుండు నిడివి అంతే. పదిచే భాగించినచో 1.06 అంగుళము. ఎనిమిదిచే భాగించినచో 1.33 అంగుళము. మెలిక కొంచెము బిగిసినంతనే ఎంత పొడవైన గుండునకు దారి తెరచుకొన్నదో చూడుడు.

ఈ లెక్కలోని రెండు అంగుళములు ఒక రైఫిల్ రాతనే మార్చినవి. 1955లో అమెరికాలో రెండు పెద్ద కర్మాగారములు ఒకే వ్యాసముగల రెండు క్రొత్త తూటాలను వెలువరించినవి. విన్‌చెస్టరువారిది 243, రెమింగ్టనువారిది 244. రెమింగ్టను తూటా శక్తిలో ఏమియు తక్కువ కాదు. కాని దాని రైఫిల్‌కు 12 అంగుళముల మెలిక పెట్టిరి. చిన్న జంతువులపై దూరము నుండి కాల్చు తేలిక గుండ్లనే వారు మనస్సున ఉంచుకొనిరి. వారి గుండ్లు 75, 90 గ్రెయిన్లవి. విన్‌చెస్టరువారు పది అంగుళముల మెలిక పెట్టి 100 గ్రెయిన్ల గుండునకు చోటిచ్చిరి. ఒకే రైఫిల్‌తో చిన్నవేటయు జింకవేటయు సాగవలెనని కోరిన అచటి కొనుగోలుదారులు 243నే కొనిరి. రెమింగ్టనువారు తరువాత మెలికను తొమ్మిది అంగుళములకు బిగించిరి. 1963లో ఆ తూటాకు 6 మిల్లీమీటర్ల రెమింగ్టను అని పేరుకూడ మార్చిరి. అయినను పోయిన పరుగును అందుకొనలేకపోయిరి. తూటాలో లోపము లేదు. రేపు రాబోవు పొడవైన గుండును ఆనాటి గొట్టము ముందే వలదన్నది.

ఇందుకు ఎదురైన ఉదాహరణము స్వీడను దేశమున కలదు. 1894లో వారు స్వీకరించిన ఆరున్నర మిల్లీమీటర్ల మాసరు రైఫిల్‌కు 200 మిల్లీమీటర్ల మెలిక, అనగా ఎనిమిది అంగుళములకంటె కొంచెము బిగువు. నాటి గుండు 156 గ్రెయిన్ల పొడవైన మొద్దుమొన గుండు. దానికొరకే అంత బిగువు మెలిక అవసరమైనది. దశాబ్దములు గడచి, గాలిని చీల్చు సన్నని 140 గ్రెయిన్ల పోటీ గుండ్లు వచ్చినపుడు ఆ పాత గొట్టములు వాటిని సునాయాసముగా కాల్చినవి. 2007లో వెలువడి దూరపు గురిపోటీలలో పేరుపొందిన 6.5 క్రీడ్‌మూర్ తూటాకును ఎనిమిది అంగుళముల మెలికయే పెట్టిరి.

దూరపు గురికి అంత పొడవైన గుండెందులకని శ్రోతలు అడుగవచ్చును. ఒకే వ్యాసములో బరువు పెరిగినకొలది గుండు వేగమును త్వరగా కోల్పోదు. మొన సన్నగిలి, మడమ పడవవలె కూచైనకొలది గాలి అడ్డు తగ్గును. అందుచే ప్రక్కగాలి దానిని తక్కువగా తోయును. వేయి గజముల దూరమున గురికాని శత్రువు ప్రక్కగాలియే. గుండు క్రిందికి వంగుట లెక్కకు అందును, గాలి లెక్కకు అందదు. కావున దూరము కోరువారు బరువును, సన్నదనమును రెంటిని కోరుదురు. ఆ రెండును గుండును పొడిగించును, పొడిగించినదానికి మెలిక బిగియవలెను.

నిడివిని మరచి బరువునే చూచువారు మోసపోవు సందర్భములు రెండు కలవు. ఒకటి, సీసము లేక రాగితోనే చేసిన గుండ్లు. రాగి సీసముకంటె తేలిక. కావున అదే బరువునకు రాగిగుండు పొడవుగా ఉండును. పెట్టెపై బరువు అంకె మారకపోయినను మెలిక చాలకపోవచ్చును. రెండవది సైనికుల అనుభవము. 1980 ప్రాంతమున నాటో దేశములవారు 5.56 మిల్లీమీటర్ల తరగతిలో 62 గ్రెయిన్ల గుండును స్వీకరించిరి. దానికి తోడుగా పోవు దారిని వెలుగుతో చూపు గుండొకటి కలదు. దాని బరువు సుమారు 64 గ్రెయిన్లు. రెంటికిని భేదము రెండు గ్రెయిన్లే. కాని వెలుగునిచ్చు మందునకు చోటీయవలసినందున రెండవది చాల పొడవు. మామూలు గుండునకు తొమ్మిది అంగుళముల మెలిక చాలియుండెడిది. వెలుగుగుండు కొరకు అమెరికా సైన్యపు రైఫిల్ మెలికను ఏడు అంగుళములకు బిగింపవలసివచ్చినది.

ఆ రైఫిల్ వంశమే మరియొక పాఠమును నేర్పినది. తొలిదశలో దానికి 14 అంగుళముల మెలిక ఉండెను. 55 గ్రెయిన్ల గుండు మామూలు వాతావరణమున నిలుకడగానే పోయెడిది. కాని ధ్రువప్రాంతపు చలిలో పరీక్షించినపుడు గుండ్లు తూలసాగినవి. చల్లని గాలి చిక్కన. ముప్పది డిగ్రీల వెచ్చని గాలికంటె సున్నకు ముప్పది డిగ్రీలు దిగువనున్న గాలి దాదాపు నాలుగవవంతు హెచ్చు సాంద్రము. మీట అదే, దానిని నొక్కు చెయ్యి మాత్రము బలపడినది. అందుచే 1963లో మెలికను 12 అంగుళములకు మార్చిరి. దీనికి విపర్యయముగా ఎత్తైన చోట గాలి పలుచన. మూడువేల అయిదువందల మీటర్ల ఎత్తుననున్న లేహ్‌లో గాలి సాంద్రత సముద్రతీరపు సాంద్రతలో ఇంచుమించు పదింట ఏడు పాళ్లు. అచట తిన్నగా పోయిన గుండు కాకినాడ తీరమున తూలినచో ఆశ్చర్యపడనక్కరలేదు. పరీక్ష ఎక్కడ చేసితిమో అక్కడి ఫలము అక్కడిదే.

ఇట్టి సంగతులన్నిటిని లెక్కలోనికి తెచ్చుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు డాన్ మిల్లర్ 2005లో గ్రీన్‌హిల్ సూత్రమునకంటె సూక్ష్మమైన సూత్రమును ప్రకటించెను. అందు గుండు బరువు, వ్యాసము, నిడివి, మెలిక, వేగము, గాలి సాంద్రత అన్నియు చేరును. ఫలముగా నిలుకడ అంకె ఒకటి వచ్చును. ఆ అంకె ఒకటికి దిగినచో గుండు పల్టీ కొట్టును. ఒకటి దాటినచో నిలుచును. కాని ఒకటికి కొంచెమే పైనున్న గుండు తలయూపుచు పోవును, ఆ ఊపులో వేగమును వృథాచేసికొనును. దూరపు గురికి ఒకటిన్నర ఉండుట మేలని నేటి గురికాండ్రు భావింతురు. మెలికను బిగించినచో ఈ అంకె వర్గక్రమమున పెరుగును. 12 నుండి 10 అంగుళములకు వచ్చినంతనే నిలుకడ నూటికి నలువది నాలుగు పాళ్లు హెచ్చును.

అట్లయినచో అన్నిటికిని బిగువు మెలికయే పెట్టరాదా? పెట్టవచ్చును, కాని దానికిని వెల కలదు. పలుచని తొడుగుగల తేలికగుండును సెకనుకు 3,200 అడుగుల వేగమున ఏడు అంగుళముల మెలికలో పంపినచో అది నిమిషమునకు మూడులక్షల చుట్లకు మించి తిరుగును. తొడుగు చిట్లి గుండు గాలిలోనే పొడియై పోవచ్చును. గుండు తయారీలో వెంట్రుకవాసి అసమత ఉన్నను వేగమైన తిరుగుడు దానిని హెచ్చించి గురిని చెదరగొట్టును. పైగా తిరుగు గుండు తాను తిరుగు వైపునకు మెల్లగా ఒరిగిపోవును. కుడిమెలిక గుండు కుడికి, ఎడమమెలిక గుండు ఎడమకు. 7.62 మిల్లీమీటర్ల పోటీ రైఫిల్‌లో ఈ ఒరుగుడు వేయి గజములకు సుమారు ఎనిమిది తొమ్మిది అంగుళములుండును. కావున చాలినంత బిగువు, దానిపై కొంత మిగులు. అంతకు మించి అనవసరము.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేటకు చోటు లేదు. లైసెన్సుగల గురికాండ్రకు గురిమైదానమే రంగము. అట్టివారికి ఒక చిన్న పద్ధతి చెప్పి ముగింతును. మీ రైఫిల్ మెలిక ఎంతో కాగితములపై చూచి తృప్తిపడవలదు, కొలిచి చూడుడు. ముందుగా రైఫిల్‌లో తూటా లేదని రెండుమార్లు నిశ్చయించుకొనుడు. తుడుచుకడ్డీకి బిగుతుగా గుడ్డపేలిక చుట్టి గొట్టములోనికి త్రోయుడు. కడ్డీ పిడిలో స్వేచ్ఛగా తిరుగునట్లుండవలెను. కడ్డీపై ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మరల పైకి వచ్చువరకు ఎన్ని అంగుళములు లోపలికి పోయినదో కొలువుడు. అదియే మెలిక. రెండుమూడు మార్లు కొలిచి సగటు చూచుకొనుడు. తరువాత గుండు నిడివిని కొలిచి లెక్క వేయుడు. లెక్క సరిపోయినను మొదటి గుండ్లను దగ్గరి పలకపైననే కాల్చుడు. రంధ్రములు గుండ్రముగా ఉన్నచో ముందుకు పొండు. కోడిగ్రుడ్డువలె సాగినచో అచటనే ఆగుడు. పల్టీకొట్టు గుండు ఎటు పోవునో కాల్చినవానికిని తెలియదు. పలక వెనుకనున్న మట్టికట్ట దానిని ఆపునన్న నమ్మకము లేదు. గురి తప్పుట చిన్న నష్టము. గుండు మైదానపు హద్దు దాటుట చిన్న నష్టము కాదు. ఆ హద్దు కావల ఎవరి పొలమో, ఎవరి ఇల్లో ఉండును.

గుండ్ల పెట్టెపై బరువు పెద్ద అక్షరములతో అచ్చువేసి ఉండును, నిడివి తరచు ఉండదు. కావుననే కొనువాడు బరువును చూచును. గాలి మాత్రము నిడివిని చూచును. గొట్టములోని మెలిక దానిని చేసిన దినమున నిర్ణయమైనది, తరువాత దానిని మార్చుటకు గొట్టమునే మార్చవలెను. గుండును ఎంచుకొను స్వేచ్ఛ మాత్రము మన చేతిలో నిత్యము ఉన్నది. కనుక గొట్టమును అడిగి గుండును ఎంచుకొనుట వివేకము. దూరపు గుండ్లే వాడదలచినవారు గుండును ముందు నిర్ణయించుకొని దానికి తగిన గొట్టమును కోరుట ఇంకను వివేకము.

వంగిన గొట్టముతో రాబిన్స్ చేసిన పరీక్షకు రెండువందల డెబ్బది యేండ్లు దాటినవి. తిరుగకుండ పోవు గుండు లేదు, తగినట్లు తిరుగు గుండు, తగనట్లు తిరుగు గుండు అను భేదమే కలదని ఆయన చూపినాడు. ఆ తగుదల ఎంతో తేల్చుటకు నేడు మనకు ఒక కొలబద్ద, ఒక కడ్డీ, రవంత ఓర్పు చాలును.